మూగ మెట్టు

ఆ ఇంట్లో పనిచేయని మెట్లు రెండుండేవి. ఒకటి కాలి కిందది, ఒకటి వేలి కిందది.

కాలి కిందదాని సంగతి చిన్నది, ముందు అది చెప్పేసుకుంటే పోతుంది. వీధి వైపు బట్టలు కుట్టే కొట్టు, పైన రెండు గదుల కాపురం, రెంటికీ మధ్య పదమూడు చెక్క మెట్లు. కింది నుంచి లెక్కపెడితే ఏడోది నిలువునా చీలి ఉండేది. కాలు వేశామా, చీలమండ దాకా లోపలికే. ఇంటాయన చూడబోతే వడ్రంగి. ఆ వీధిలో సగం తలుపులు ఆయన బిగించినవే. తన ఇంటి మెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం "రేపు చూద్దాంలేవే" అనేవాడు. ఆ రేపు ఇరవయ్యేళ్ళ దాకా రాలేదు. ఈలోగా ఇంట్లోవాళ్ళ కాళ్ళు వాటంతట అవే నేర్చేసుకున్నాయి. ఆరు ఎక్కడం, ఎనిమిదికి ఎగరడం. బుట్టెడు బట్టలు చంకన పెట్టుకుని ఎగిరేవాళ్ళు, పోట్లాడుకుంటూ మాట ఆపకుండా ఎగిరేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళే "అమ్మో" అని కూలబడేవాళ్ళు.

ఇక వేలి కింది మెట్టు. దాని సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి.

అది పియానోలోది. వడ్రంగి ఇంట్లో పియానో ఏమిటంటారా? ఎక్కడో పాత హోటలు మూసేస్తూ, సామానంతా ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపొమ్మన్నారు. అందరూ కుర్చీలు, అద్దాలు మోసుకుపోయారు. ఈయన నలుగురిని పోగేసి ఈ నల్లటి పెట్టెను తోపుడుబండి మీద వేయించుకుని తెచ్చాడు. మెట్లెక్కించే దారి లేదు కనక కొట్టులోనే, కుట్టుమిషను పక్కన దించారు.

"ఇదేమిటయ్యా, ఏనుగును తోలుకొచ్చావా?" అంది ఆయన భార్య. ఆ ఇంట్లో పెరిగిన పిట్ట అనే పిల్లకు మేనత్త. కథంతా ఆవిడ కళ్ళ ముందే నడిచింది కనక మనం కూడా అత్త అనే అందాం.

"చెక్క చూడవే, చెక్క! ఇలాంటి చెక్క ఇప్పుడెక్కడ దొరుకుతుంది? నీకు బీరువా చేసిస్తా."

"ముందు మెట్టు చెయ్యి."

"రేపు చూద్దాంలే."

అప్పటికి పిట్ట ఆ ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. పిట్ట అంటే అత్త అన్నగారి కూతురు. ఐదేళ్ళది, గుప్పెడంత ఉండేది కనక పిట్ట అన్నారు. తల్లి జ్వరంతో పోయింది. తండ్రి సరుకు ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదికి పది రోజులు నేల మీద ఉంటే గొప్ప. అందుకని పిల్లను చెల్లెలి చేతిలో పెట్టాడు. పెట్టింది పిల్లనే కానీ పిల్ల నోటిని ఎక్కడో వదిలేసి వచ్చాడు. తల్లి పోయిన రోజు నుంచి ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఏడుపు లేదు, నవ్వు లేదు, "ఊఁ" లేదు, "ఆఁ" లేదు. డాక్టరు గొంతులో దీపం వేసి చూసి, "గొంతు శుభ్రంగా ఉందమ్మా, దానికి మాట్లాడాలనిపించాలి, అంతే" అన్నాడు. అనిపించేదెలా? అత్త బొమ్మలు కుట్టిచ్చింది, కోతిలా గెంతింది, కోప్పడింది, కాళ్ళావేళ్ళా పడింది. పిల్ల పెద్ద కళ్ళేసుకుని చూసేది. అంతే.

ఆ రోజు మావయ్య స్క్రూడ్రైవరు పట్టుకుని పియానో ముందుపలక ఊడదీశాడు. లోపల తీగలు, సుత్తులు, దుమ్ము, ఒక ఎలుక గూడు. "ముందు ఈ మెట్లు పీకేయాలి" అంటుంటే పిట్ట వచ్చి నిలబడింది. ఎడమచేతి కొసన ఉన్న మెట్టు మీద ఒక వేలు పెట్టి నొక్కింది. ఢమ్మంది. పక్కది నొక్కింది. అలా ఒక్కొక్కటే, బజారులో గుమ్మాలు లెక్కపెట్టుకుంటూ పోయినట్టు, కుడివైపుకు వస్తూ ఉంది. మధ్య దాటి కాస్త ముందుకు వచ్చాక ఒక తెల్ల మెట్టు నొక్కితే "టక్" అంది. వట్టి చెక్క చప్పుడు. పిల్ల మళ్ళీ నొక్కింది. టక్. తల తిప్పి అత్త వంక చూసింది, దీన్ని ఎవరు తినేశారన్నట్టు. మూడోసారి నొక్కి, నోరు తెరిచి, తనే పలికింది.

"ఊఁ."

సరిగ్గా ఆ చోట ఉండాల్సిన స్వరం. పావలా ఎక్కువ కాదు, తక్కువ కాదు.

అత్త చేయి కుట్టుమిషను చక్రం మీదే ఆగిపోయింది. ఎవరిదో కోటు కాలరులో సూది సగం దిగి ఉంది. అరవలేదు, పరుగెత్తలేదు. కొమ్మ మీద వాలిన పిట్టను చూస్తే ఎలా ఊపిరి బిగబడతాం, అలా బిగబట్టి, మొగుడికేసి చూసి, ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టెయ్యమని కళ్ళతో చెప్పింది. ఆయన కింద పెట్టాడు. బీరువా ముచ్చట ఆ పూటతో సరి.

పొద్దుగూకే లోపల పిల్ల ఆ మెట్టు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో. వచ్చినప్పుడల్లా ఊఁ. నాలుగో రోజు "అత్తా, ఆకలి" అంది. ఆ తరవాత ఆ నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాలేదు, అది వేరే సంగతి.

పియానోను వాయించుకోవడానికే ఉంచేద్దామనుకున్నాక, తీగలు బిగించి శ్రుతి సరిచేసే ఆయన్ని పిలిపించారు. సన్నగా, పొడుగ్గా, ఆయనే ఒక తీగలా ఉండేవాడు. అన్నీ సరిచేసి, "అమ్మా, ఈ ఒక్కటీ పలకట్లేదు. లోపల సుత్తి కాడ విరిగింది. చిన్న పుల్ల వేసి అతికితే పావుగంట పని" అన్నాడు.

"వద్దు."

"పావుగంటేనమ్మా!"

"అర నిమిషమైనా వద్దు. మా ఇంట్లో అది అంతే."

తీగలాయన పెట్టె సర్దుకుంటూ మావయ్యకేసి జాలిగా చూశాడు. మావయ్య భుజాలెగరేశాడు. "నా మెట్టు బాగు చేయలేదని రోజూ నన్ను తింటుంది. దాని మెట్టు బాగు చేస్తానంటే కొట్టడానికొస్తుంది. ఏ మెట్టుకి ఏ రాత రాసి ఉందో!"

అత్త భయం అత్తది. ఆ మెట్టు పలికితే పిల్ల మళ్ళీ మూగబోతుందేమోనని. తెలివైన భయం కాదని ఆవిడకీ తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, పిట్టకసలే చెప్పలేదు. ఏడాదికోసారి తీగలాయన రావడం, "పావుగంటే" అనడం, ఈవిడ "వద్దు" అనడం.

పిట్టకు పియానో నేర్పింది ఒక టీచరమ్మ. బడిలో సంగీతం చెప్పి పని మానుకున్నావిడ. కోటు వదులు చేయించుకుందామని కొట్టులోకి వచ్చి, కొలతలు ఇస్తూ ఇస్తూ, పిట్ట వాయించేది విని, చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయింది. "ఎవరా పిల్ల?" అంది. "మా అన్నయ్య కూతురండీ, చేయి దించండి, చంక కొలవాలి" అంది అత్త. కోటు సంగతి ఏమైందో గానీ మర్నాటి నుంచి టీచరమ్మ రోజూ రావడం మొదలుపెట్టింది.

పిట్ట వాయించడం చూసి తీరాలి. గొప్ప గొప్ప చేతులు చాలామందికి ఉంటాయి. ఆ పిల్ల పని చేసే తీరు వేరు. అత్త దగ్గర చూసి నేర్చుకుంది. అత్తకు ఒక పట్టుదల ఉండేది. కుట్టు వంకర పోతే, ఎక్కడ వంకర పోయిందో అక్కడిదాకా విప్పాల్సిందే. పైన ఇంకో కుట్టు వేసి కప్పిపుచ్చడం ఆవిడకు చేతకాదు. పిట్ట కూడా అంతే. ఒక చోట వేలు తడబడితే అక్కడ దిద్దుకుని ముందుకు పోయేది కాదు. తడబాటు ఎక్కడ పుట్టిందో వెనక్కి వెనక్కి వెళ్ళి పట్టుకునేది. నాలుగు అడుగుల వెనక బొటనవేలు కాస్త ఆలస్యంగా లేచినందుకు ఇక్కడ చిటికెనవేలు జారిందని కనిపెట్టేది. అక్కడి నుంచి విప్పి మళ్ళీ కుట్టేది. ఒక వరుస నలభైసార్లు. నత్త నడిచినట్టు, ఒక్కొక్క మెట్టూ అడిగి అడిగి. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "ఇదే పాట మొన్న కూడా వాయించిందిగా" అంటే అత్త "మొన్నది విప్పేసిందండీ" అనేది.

వేళ్ళు చల్లబడితే ఇస్త్రీపెట్టె దగ్గర అరచేతులు పెట్టుకుని వచ్చి కూర్చునేది. పదకొండేళ్ళకే అత్త మిషను కాలితో తొక్కే వేగాన్ని బట్టి తన తాళం పెట్టుకునేది. "అత్తా, కాస్త మెల్లగా కుట్టవా, నాకు అందట్లేదు" అనేది. అత్త మెల్లగా కుట్టేది. ఆ నెల్లో కోట్లన్నీ ఆలస్యమే.

ఎంత వాయించినా, ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి నోరే. వేలు టక్కుమనేది, గొంతు ఊఁ అనేది. మెల్లటి పాటల్లో నిండుగా, గబగబ పాటల్లో ఎక్కిళ్ళు వచ్చినట్టు. మావయ్య వెనక వసారాలో చిత్రిక పడుతూ వినేవాడు, అత్త కాజాలు కుడుతూ వినేది. పద్దెనిమిదేళ్ళు అదే చోట, అదే గొంతు. ఆ చోటు దగ్గర పడుతోందంటే కొట్టులో ఉన్నవాళ్ళకు తెలియకుండానే ఊపిరి సర్దుకునేది.

టీచరమ్మ చేతిలో ఉన్నంత కాలం సరే. పిట్ట పెద్ద సంగీత పాఠశాలకు వెళ్ళింది. అక్కడ అద్దాల్లా మెరిసే పియానోలు, ఎనభై ఎనిమిది మెట్లూ పలికేవే. అయితే మాత్రం? పిట్ట వేలు ఆ మెట్టు మీద పడగానే గొంతు కూడా పలికేది. అలవాటు ఎక్కడ వింటుంది? అక్కడివాళ్ళు చేయని వైద్యం లేదు. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టించారు, పెన్సిలు విరిగింది. నోట్లో నీళ్ళు పోసుకోమన్నారు, అవి పియానో మీద పడ్డాయి. గట్టిగా పెదాలు నొక్కిపెట్టి వాయించమంటే ఇంకా వింత జరిగేది. నోరు మూస్తే ఆ వేలు కూడా మొండికేసేది. మెట్టు మీద తేలిపోయేది తప్ప దిగేది కాదు. చిన్న చిన్న హాళ్ళలో కచేరీలు చేస్తే పత్రికలవాళ్ళు రాశారు: "వేళ్ళు అద్భుతం. కానీ పాడేదెవరు?" కుర్రకారు ఆమెకు కూనిరాగాలమ్మ అని పేరు పెట్టారు. పిట్ట ఆ పేపరు ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది. ఉక్రోషం కూడా పనికొస్తుందట.

ఇరవై మూడో ఏట పెద్ద ఆర్కెస్ట్రా నుంచి పిలుపు వచ్చింది. డెబ్భై మంది వాద్యగాళ్ళు, వాళ్ళ ముందు చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని నిలబడే పెద్దాయన ఒకడు. మావయ్య ఆయనకు పుల్లాయన అని పేరు పెట్టేశాడు. పుల్లాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. పిట్ట వాయించింది విని, పుల్ల పక్కన పెట్టి అన్నాడు:

"అమ్మాయ్, పాతికేళ్ళలో ఇలాంటి చేయి వినలేదు. రెండు నెలల తరవాత వచ్చే ఆదివారం సాయంత్రం మాతో వాయించు. నోట్లోంచి చప్పుడు రాకపోతే ఏడాదంతా మాతో పాటు ఊరూరా తీసుకెళ్తాను. వచ్చిందా, ఇంటికెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పుకో. నా కచేరీలో రెండు గొంతులు కుదరవు."

పిట్ట ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, ఏడవకుండా, పియానో మూత మీద తల పెట్టుకుని కూర్చుంది. అత్త ఆ మూత వంకే చూసింది. పావుగంట పని. పద్దెనిమిదేళ్ళు అడ్డుపడింది తను. పిల్ల మాట దక్కించుకున్నానని మురిసిపోయింది, పిల్ల బతుకు మీదకు తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే తీగలాయన్ని పిలిపించింది. ఆయనా ముసలాడైపోయాడు. "ఏమ్మా, అంతా బాగేనా? ఈసారి కూడా వద్దా?" అంటూనే పెట్టె విప్పాడు.

"ఈసారి చెయ్యండి."

ఆయన చేతిలో పనిముట్టు జారిపడింది. చేశాడు. పావుగంట కూడా పట్టలేదు.

పిట్ట వచ్చి కూర్చుని నొక్కింది. ఆ మెట్టు పలికింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. దాంతో పాటే గొంతూ పలికింది. రెండూ కలిసి గదిలో మోగాయి. పిట్ట చేయి వెనక్కి లాక్కుంది.

"అత్తా! నా మెట్టు! ఇన్నేళ్ళు ఎందుకు చేయించలేదు మరి?"

అప్పుడు చెప్పింది అత్త. ఎనిమిది నెలల మౌనం, స్క్రూడ్రైవరు, కోటు కాలరులో ఆగిన సూది, అన్నీ. చెప్తూ చెప్తూ చీర కొంగు కాదు, చేతిలో ఉన్న ఎవరిదో చొక్కాతో కళ్ళు తుడుచుకుంది. పిట్ట వింటూ ఉండిపోయింది. ఎంతకీ మాట్లాడదు.

"మాట్లాడవే తల్లీ, నాకు భయమేస్తోంది."

పిట్ట ఒక్కసారి నవ్వేసింది, నవ్వుతూనే అత్త నడుం పట్టుకుంది. "నేను మాట్లాడకుండా ఉన్నానా? ఎనిమిది నెలలా? మావయ్యా, నువ్వు నమ్ముతావా?"

"ఆ ఎనిమిది నెలల హాయి మళ్ళీ దక్కలేదు కోడలా" అన్నాడు మావయ్య ముక్కు చీదుకుంటూ.

మెట్టు అయితే బాగైంది గానీ అలవాటు బాగవలేదు. రోజూ వాయిస్తుంది, రోజూ గొంతు పలుకుతుంది. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పావుగంట మాటకు సిగ్గేసిందో ఏమో, మావయ్య కూడా ఓ పూట కూర్చుని ఏడో మెట్టు పీకి కొత్త పలక బిగించేశాడు. వేసి, దాని మీద నిలబడి గెంతి చూపించాడు. ఎవరికి కావాలి? అత్త ఆరెక్కి ఎనిమిదికి ఎగిరింది. పిట్టా ఎగిరింది. బిగించినాయనే మర్నాడు పొద్దున ఎగిరాడు.

ఒక రోజు అత్త పాలు కాచి, గిన్నె అంచుదాకా ఉంటే, తొణక్కుండా పైకి తీసుకెళ్తోంది. మెట్టు విరిగి ఉన్నన్నాళ్ళూ సగం గిన్నె మూతపెట్టి తీసుకెళ్ళేది. మధ్యలో ఆగిపోయింది. కిందికి చూసుకుంది. ఏడో మెట్టు మీద ఉంది.

"పిట్టా! ఒసేయ్ పిట్టా! ఇలా రా!"

పిట్ట పరుగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

"చూడు, నా కాలు ఎక్కడుందో చూడు."

"ఏడో మెట్టు మీద."

"రోజూ ఎగిరే కాలు ఇవాళ ఎగరలేదేం? పాలు తొణుకుతాయని. చేతిలో నిండు గిన్నె ఉంటే కాలు తనిష్టం వచ్చినట్టు పోదు, చూసుకుని దిగుతుంది. నువ్వు నోరు మూసుకోవడం మీద పడ్డావు తల్లీ. నోటి జోలికి పోకు. ఆ వేలికి నిండు గిన్నె ఇవ్వు."

చదువుకోని మనిషి చెప్పిన మాట. పాఠశాలలో ఎవరూ చెప్పనిది. పిట్ట అత్తను అలా మెట్ల మీద, పాలగిన్నెతో నిలబెట్టే పియానో దగ్గరికి పరుగెత్తింది.

ఆ తరవాత నెలన్నర చూడాలి ఆ పిల్ల పని. ఆ స్వరం వచ్చే చోటులన్నీ ఏరింది. ఒక్కొక్క దానికీ నాలుగడుగుల ముందు నుంచి నడక మార్చింది. ఎంత బరువుతో దిగాలి, ఎంతసేపు ఉండాలి, ఎలా లేవాలి, అంతా ఆ వేలికే అప్పగించింది. గొంతుకు పని మిగలకుండా చేసింది. వాయిస్తూ తనలో తను "గిన్నె, గిన్నె" అనుకునేది. మొదట పదికి ఆరుసార్లు తొణికింది. తరవాత మూడు. తరవాత ఒకటి. ఆఖరి వారం ఒక్కసారి కూడా లేదు. ఎంత చక్కగా పలికేదంటే ఆ స్వరం, మిగతా ఎనభై ఏడూ దాని చుట్టూ కూర్చుని వింటున్నట్టుండేది.

కచేరీకి నల్ల గౌను అత్తే కుట్టింది. చేతులు చాచితే పట్టేయకుండా చంకల కింద ఒక్కో ముక్క అదనంగా వేసింది, బయటికి కనబడకుండా. ఆదివారం నాలుగింటికి హాలులో నాలుగో వరుసలో మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. మావయ్య కోటు వార్నిషు వాసన కొడుతోంది. అత్త చేతిసంచిలో ఎప్పటిలాగే సూది, దారం, కత్తెర ఉన్నాయి. అవి లేకుండా ఆవిడ గడప దాటదు.

పిట్ట వచ్చి కూర్చుంది. గుప్పెడంత పిల్ల, ఆ పెద్ద పియానో ముందు. వెనక డెబ్భై మంది, పక్కన పుల్లాయన. మొదటి భాగం గబగబా సాగే పాట. ఆ స్వరం ఎన్నిసార్లు వచ్చిందో అత్త చీర మడతలు నలుపుకుంటూ లెక్కపెట్టింది. ఒక్కసారి కూడా పిల్ల పెదవి కదల్లేదు. పుల్లాయన భుజాలు మెల్లగా దిగాయి. హాలంతా ముందుకు వంగి వింటోంది. పక్కనున్న పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు. 

తరవాత మెల్లటి భాగం. అందులో ఒక చోట డెబ్భై మందీ ఆగిపోతారు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక్క స్వరం ఒంటరిగా దిగాలి. అదే స్వరం. పిట్ట వేలు దిగింది. నిండు గిన్నె, చుక్క తొణకలేదు.

"ఊఁ..."

హాలు మొత్తానికి వినబడింది. పుల్లాయన భుజం ఉలిక్కిపడింది. అయ్యో, ఇంత చేసి, ఇక్కడ తప్పిందే పిల్ల! అని అత్త అనుకుంటుండగా మావయ్య మోచేత్తో పొడిచాడు.

"నువ్వేనే!"

"నేనా?"

"నువ్వే! నోరు ముయ్యి!"

అత్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు కాజాలు కుడుతూ విన్న చోటది. పిల్ల గొంతు రావాల్సిన చోట రాకపోతే, ఆవిడ గొంతు వెళ్ళి ఆ ఖాళీ నింపేసింది. పిట్ట మాత్రం తల తిప్పలేదు, వేలు వణకలేదు. చివరిదాకా అలాగే వాయించింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పుల్లాయన వంగి నమస్కరించాడు గానీ మొహంలో నవ్వు లేదు.

అత్త చప్పట్ల కోసం ఆగలేదు. పక్క గుమ్మం వైపు నడిచింది. కాపలాదారు అడ్డుపడితే "నా పిల్ల లోపలుంది, తప్పుకో నాయనా" అని చేయి తీసి పక్కకు పెట్టి పోయింది. వెనక మావయ్య. లోపలి గదిలో పుల్లాయన అంటున్నాడు:

"అన్ని చోట్లా నిలబడ్డావు. ఆ ఒక్క చోట! నా మాట నేను మార్చను."

"నేను కాదు సార్."

"మరెవరు? పియానోనా?"

"నేనండీ" అంది అత్త గుమ్మంలోంచే. "అయ్యా, ఆ పాపం నాది. నా నోటిది. పిల్ల పెదవి విప్పలేదు."

పుల్లాయన ఆవిడను పైనుంచి కిందిదాకా చూశాడు. "అమ్మాయి మీద ప్రేమతో చెప్తున్నారు. నాకు అర్థమవుతుంది."

"మా ఆవిడకు అబద్ధం రాదండీ" అన్నాడు మావయ్య. "ముప్ఫయ్యేళ్ళుగా నేర్పుతున్నాను, రాదు."

పుల్లాయన ఆ గదిలో ఉన్న చిన్న పియానో దగ్గర కూర్చుని, "అయితే చూద్దాం" అని ఆ చోటు వాయించాడు. అందరూ అత్త వంకే చూస్తున్నారు. అత్త నోరు తెరుచుకుని, చెవులు రిక్కించి, ఇప్పుడే, ఇప్పుడే అనుకుంటూ నిలబడింది. ఆ స్వరం వచ్చింది, పోయింది. గొంతులోంచి గాలి కూడా రాలేదు. మళ్ళీ వాయించాడు. ఊహూఁ. చూసుకుని అడుగేస్తే కాలు ఎగరదని నేర్పింది తనే కదా. ఇప్పుడు తన గొంతే చూసుకుని అడుగేస్తోంది.

పుల్లాయన నిట్టూర్చి మూత దించబోయాడు.

"సార్" అంది పిట్ట. "మీ కోటు మోచేతి కుట్టు విడిపోయింది. మా అత్తను కుట్టనివ్వండి. అంతవరకూ నేను వాయిస్తాను. మీరు నా నోటికేసి చూస్తూ ఉండండి."

ఆయన చూసుకున్నాడు. నిజమే, పుల్ల ఊపి ఊపి కోటు చేయి పిగిలింది. "అయ్యో, ఇంత మంచి గుడ్డని!" అంటూ అత్త ఒక్క అడుగులో వచ్చి ఆయన చేయి పట్టేసుకుంది. సంచిలోంచి సూది తీసింది, దారం కొరికింది. "కదలకండి, గుచ్చుకుంటుంది. ఎవరండీ ఇది కుట్టింది? లోపల అంచే మడవలేదు." సూది దిగడం మొదలైంది. ఇక ఆవిడకు హాలూ లేదు, పుల్లాయనా లేడు. కుట్టే ఉంది.

పిట్ట ఆయన లేచిన చోట కూర్చుని మెల్లగా వాయించింది. పుల్లాయన ఒక చేయి అత్తకు అప్పగించి, జానెడు దూరం నుంచి పిట్ట పెదాల వంకే రెప్పవేయకుండా చూస్తున్నాడు. పాట ఆ చోటికి వచ్చింది. ఆగింది. వేలు దిగింది.

పెదాలు కదల్లేదు.

"ఊఁ" అంది అత్త, దారం లాగుతూ.

"ఊఁ" అన్నాడు గుమ్మం దగ్గర నుంచి మావయ్య, పైకప్పు దూలాల పనితనం చూస్తూ.

అన్నట్టు ఇద్దరికీ తెలియదు. పుల్లాయన మొహం చూసి, "ఏమైందండీ, గుచ్చుకుందా?" అంది అత్త.

ఆయన నవ్వడం చూసిన వాళ్ళు ఆ ఆర్కెస్ట్రాలో అంతవరకూ లేరట. ఆ రోజు బయట నడవలో ఉన్నవాళ్ళు కూడా విన్నారు. ఎంతకీ ఆగలేదు, సూది నిజంగానే గుచ్చుకున్నా ఆగలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని అన్నాడు: "అమ్మాయ్, ఏడాదంతా మాతో రా. ఒక్కటే షరతు. వీళ్ళిద్దరినీ హాలులో కూర్చోబెట్టకూడదు."

"నేను తలుపు బయట కూర్చుంటానండీ" అంది అత్త. "పని తెచ్చుకుంటాను. కాస్త కదలకండి, ముడి వేయాలి."

ఆ ఏడాది ఒక్కటేనా? ముప్ఫయ్యేళ్ళు. పిట్ట వాయించని పెద్ద హాలు లేదు. కూనిరాగాలమ్మ అన్న పత్రికలే ఆమె చేతిలో మౌనం కూడా వినబడుతుందని రాశాయి. అది కూడా కత్తిరించి, పాత ముక్క పక్కనే పర్సులో పెట్టుకుంది. ఎంత పేరొచ్చినా తప్పు వస్తే వెనక్కి వెళ్ళి విప్పడం మానలేదు. యాభై దాటాక కూడా ఒక వరుస నలభైసార్లే. కచేరీ జరిగినన్నాళ్ళూ, ఓపిక ఉన్నన్నాళ్ళూ, అత్త తలుపు బయట కుర్చీలో కూర్చుని కాజాలు కుట్టింది. కాపలాదారులు చెప్పుకునేవాళ్ళట, మెల్లటి పాటలో ఒక చోట, ముసలావిడ సూది ఆపకుండానే ఏదో అంటుందని.

మొన్నామధ్య పిట్ట ఇంటికొచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. అత్తకు ఎనభై దాటాయి. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని మెట్లెక్కుతున్నారు. ఆరో మెట్టు దగ్గర అత్త ఆగింది. కాలు పైకెత్తింది, అందలేదు. పిట్ట నడుం పట్టుకుని లేవదీసింది. ఎనిమిదో మెట్టు మీద దిగారు.

పైనుంచి మావయ్య కేక వేశాడు. "అది బాగు చేసి ముప్ఫయ్యేళ్ళయిందర్రా! ఒక్కళ్ళయినా కాలు పెట్టరేం దాని మీద?"

"చేతిలో పాలగిన్నె లేదు మావయ్యా!" అంది పిట్ట.